చిట్టి విన్న చప్పుళ్లు

2023 నవంబరు 12, ఆదివారం, దీపావళి. తెనాలి చెంచుపేటలో పొద్దు పూర్తిగా వాలకముందే మోత మొదలైంది. ఏడు దాటాక ఒక ఇంటి ముందు వెయ్యి వాలా పరిచి అంటించారు. అది సగం పేలేలోపే పక్కింటి పెరట్లో కట్టి ఉన్న గోధుమరంగు కుక్క మెడపట్టీ తెంపుకుని, నీళ్ల తొట్టి మీది నుంచి ప్రహరీ ఎక్కి, అవతలికి దూకేసింది. ఆ ఇంటివాళ్లు చూసింది దాని తోక ఒక్కటే.

దాని పేరు చిట్టి. జాతి కుక్క కాదు. వానాకాలంలో కాలువ గట్టున దొరికిన కూన. ఆ ఇంట్లో అప్పటికి నాలుగేళ్లుగా పెరుగుతోంది. ఇంటాయనకు బియ్యం కొట్టు ఉంది. ఇంట్లో ఆయన, ఆయన తల్లి, భార్య ఉంటారు. కూతురు బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతోంది, పండక్కని వచ్చింది. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఇక్కడి మాటలు మాత్రం వాళ్లు గుర్తు చేసుకుని నాకు చెప్పినవి.

ఆ రాత్రి తండ్రీకూతుళ్లు బండి మీద బోస్ రోడ్డంతా తిరిగారు. కాలువ గట్లు వెతికారు. పిలిచిన పిలుపు టపాకాయల మోతలో వాళ్లకే వినపడలేదు. మర్నాడూ జాడ లేదు. ఆ తర్వాతి రోజు రేపల్లె లైన్లో పట్టాలు చూసుకుంటూ నడిచే కీమ్యాన్ ఒకాయన బియ్యం కొట్టుకొచ్చి, చినరావూరు స్టేషను ఇవతల తూములో ఒక కుక్క నక్కి ఉందనీ, ఎంత పిలిచినా రావడం లేదనీ చెప్పాడు.

చిట్టి అక్కడే ఉంది. అరికాళ్లు చిట్లి, ఒళ్లంతా బురదగా ఉంది. తండ్రి చెయ్యి లోపలికి పెడితే పళ్లు చూపించింది. అన్నం పెట్టిన చేతినే కరవబోయిందని ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు. కూతురు ఆయన్ని వెనక్కి రమ్మంది. తాను తూముకు ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కంకర మీద కూర్చుంది. కుక్క కళ్లలోకి చూడలేదు. పేరు పెట్టి ఒకటికి రెండుసార్లు మెల్లిగా పిలిచి ఊరుకుంది. చున్నీ తీసి తూము అంచున వేసింది. రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజరు దాటిపోయాక చాలాసేపటికి చిట్టి ఆ చున్నీ వాసన చూసి, పాకుతూ వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది.

కుక్క దొరికింది. కష్టం మాత్రం అక్కడి నుంచే మొదలైంది.

అంతకుముందు కుక్కర్ కూసినా కళ్లు తెరవని కుక్క, ఇప్పుడు కూత వినపడగానే మంచం కిందికి దూరేది. కొట్టు షట్టరు ఎత్తితే వణికేది. వీధిలో బుల్లెట్ బండి పోతే నోటి నుంచి సొంగ కారేది. అన్నం ముట్టేది కాదు. రాత్రిళ్లు గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉండేది.

ఇరుగుపొరుగు తలా ఒక మాట చెప్పారు. ఇలాంటి ఇళ్లలో ఎప్పుడూ వినిపించే మాటలే. "కట్టేసి నాలుగు రోజులు వరసగా టపాకాయలు కాల్చండి, అదే అలవాటవుద్ది" అన్నాడొకాయన. ఇంటి పెద్దావిడకు ఇంకో అభిప్రాయం ఉంది. మనవరాలు చిట్టిని దగ్గరికి తీసుకున్నప్పుడల్లా, "దాన్నట్టా ముద్దు చెయ్యబాకే. నువ్వు బుజ్జగించేకొద్దీ ఇంకా పిరికిదవుద్ది" అనేది.

ఈ రెండో మాట గురించి నేను గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలోనే కాదు, దేశదేశాల్లో ఎన్నో ఏళ్లపాటు కుక్కల శిక్షకులు కూడా ఇదే నూరిపోశారు. భయపడినప్పుడు నిమిరితే ఆ భయానికి బహుమతి ఇచ్చినట్టని, కాబట్టి పట్టించుకోకుండా వదిలేయాలని చెప్పారు. అలా వదిలేసిన కుక్కలు ఎన్ని గదుల్లో ఎన్ని రాత్రులు ఒంటరిగా వణికాయో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. కూర్చోమంటే కూర్చోవడం పని. బిస్కెట్టు పెడితే ఆ పని మళ్లీ చేస్తుంది. భయం పని కాదు. ఏ కుక్కా బిస్కెట్టు కోసం భయపడదు. మనల్ని ఆశ్రయించిన కుక్కను నిమిరితే భయం తగ్గవచ్చు గానీ పెరగదు.

ఆ ఇంట్లో ఈ సంగతి తేలింది డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున.

ఆ మంగళవారం పొద్దున్నుంచే తెనాలిలో ఈదురుగాలి. కోతకొచ్చిన వరి పొలాల్లో పడిపోతోందని ఫోన్ల మీద ఫోన్లు. కరెంటు పోయింది. మధ్యాహ్నానికి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగపు గాలులతో తుపాను బాపట్లకు దక్షిణంగా తీరాన్ని తాకింది. ముందురోజే బాపట్ల నుంచి ఇంటికొచ్చిన అమ్మాయి, పైన రేకులు దడదడలాడుతుంటే చిట్టితో పాటు పట్టెమంచం కింద దూరి పడుకుంది.

"నీకేమన్నా మతిపోయిందటే? ఇవతలికి రా" అంది నానమ్మ.

"రాను నానమ్మా. నువ్వే చూడు."

అమ్మాయి ఒక చెయ్యి చిట్టి ఛాతీ మీద ఆనించి, పైనుంచి కిందికి ఒకే తీరుగా నెమ్మదిగా రాస్తోంది. మాట్లాడ్డం లేదు. చాలాసేపటికి కుక్క రొప్పు తగ్గింది. ఇంతలో కిటికీ తలుపు కొట్టుకుంటే మూయడానికి అమ్మాయి లేచింది. చిట్టికి మళ్లీ వణుకు పట్టుకుంది. ఆమె వచ్చి పడుకుంటే తగ్గింది. ఇది ఒకసారి కాదు, సాయంత్రం దాకా జరిగింది. ఆ ముసలమ్మ మంచం మీద కూర్చుని అంతా చూసింది. చీకటి పడ్డాక తన పాత నేతచీర ఒకటి తెచ్చి మంచం కిందికి తోసి, "ఇది కూడా కప్పు" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

అమ్మాయి కాలేజీకి తిరిగి వెళ్లాక ఈ విషయం మీద ఏం రాశారా అని వెతకడం మొదలుపెట్టింది. అలా వెతుకుతుంటే ఆమెకు దొరికింది తొంభై తొమ్మిదేళ్ల నాటి ఒక వరద కథ. ఆమె చెప్పాక నేనూ చదివాను. అప్పటి నుంచి ఎవరి కుక్క భయపడుతోందని విన్నా నాకు అదే గుర్తొస్తుంది.

1924 సెప్టెంబరు 23. రష్యాలో లెనిన్‌గ్రాడ్. సముద్రం మీది గాలి నేవా నదిని వెనక్కి తోసింది. నీరు మామూలు మట్టం కంటే మూడున్నర మీటర్లకు పైగా లేచింది. సుమారు వందేళ్ల ముందు, 1824లో వచ్చిన వరద తర్వాత ఆ నగరం అంత నీటిని చూడలేదు. ఊళ్లోని ప్రయోగ వైద్య సంస్థలో ఇవాన్ పావ్లోవ్ కుక్కలున్నాయి. 1904లో నోబెల్ అందుకున్న ఆ శాస్త్రవేత్త, గంట మోగించి తిండి పెడుతూ పోతే కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుందని లోకానికి చూపించినవాడు. కుక్కల కొట్టాల్లోకి నీళ్లు వచ్చేశాయి. గోడలకు అలలు కొడుతున్నాయి, బయట చెట్లు ఫెళఫెళ విరిగి పడుతున్నాయి. ఆ హోరులో పనివాళ్లు కుక్కల్ని చిన్న చిన్న గుంపులుగా నీళ్లలో ఈదించుకుంటూ ప్రయోగశాల భవనానికి చేర్చి, పై అంతస్తులో అన్నిటినీ ఒకేచోట ఉంచారు. మామూలుగా అయితే ఎదురుపడగానే కొట్లాడుకునే కుక్కలు ఆ రాత్రి ఒకదాన్నొకటి చూసి గుర్రుమనలేదు.

నీళ్లు తీశాయి. కుక్కలు కొట్టాలకు తిరిగొచ్చాయి. కొన్నిటికి ఏమీ కాలేదు. కొన్ని మాత్రం మారిపోయాయి. స్పెరాన్‌స్కీ అనే పరిశోధకుడి దగ్గర ఒక కుక్క ఉండేది. ఏళ్ల తరబడి నేర్పినదంతా దానికి ఒక్కసారిగా పోయింది. దీపం వెలిగించినా, గంట కొట్టినా లాలాజలం ఊరడం లేదు. ఎదురుగా తిండి పెట్టినా తినడం లేదు. మనం గమనించాల్సింది ఆ తర్వాత ఆయన చేసింది. ప్రయోగం జరిగేటప్పుడు పరిశోధకుడు గది బయట ఉండడం అక్కడి నియమం. స్పెరాన్‌స్కీ లోపలికి వెళ్లి కుక్క దగ్గర కూర్చున్నాడు. నేర్చుకున్నదంతా తిరిగొచ్చింది. బయటికొస్తే పోయింది. చివరికి ఆయన లేకపోయినా, ఆయన బట్టలు కుక్కకు కనపడని చోట గదిలో ఉంచితే వాటి వాసనకే అది కొంత కుదుటపడింది.

కొన్నాళ్లకు అంతా సర్దుకుందనుకున్నారు. అప్పుడు తలుపు సందులోంచి కొద్దిపాటి నీళ్లు, చప్పుడు లేకుండా, గదిలోకి పారించి చూశారు. కుక్క ఎగిరిపడింది, రొప్పింది, మళ్లీ అన్నీ పోయాయి. వరదకు ముందు అన్నిటికన్నా బాగా పనిచేసిన పెద్ద గంట మోతను అది ఎంతోకాలం దాకా తట్టుకోలేకపోయింది. ఆ ప్రయోగశాలల్లో కుక్కలు పడ్డ బాధ నాకు సమ్మతం కాదు. కోసి గొట్టాలు అమర్చిన జీవాలవి. కానీ ఆ నోరులేని జీవి మనకు మిగిల్చిన సాక్ష్యాన్ని వృథా చేయకూడదు. అది చెప్పింది ఒకటే: పక్కన నా మనిషి ఉంటే నేను తట్టుకోగలను.

చినరావూరు తూము దగ్గర ఒక చున్నీ చేసిన పని ఏమిటో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పక్కన కూర్చోవడం ఆ పూటకి సరిపోతుంది. భయం మూలం తీయాలంటే దానికి వేరే పని ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 1974లో ఉరుములంటే హడలిపోయే ఒక పెద్ద బొచ్చుకుక్క విషయం రాశారు. ఉరుముల రికార్డును మొదట చాలా చిన్నగా వినిపించి, కుక్క నిమ్మళంగా ఉన్నంతసేపూ ఇష్టమైనది పెట్టి, కొంచెం కొంచెంగా శబ్దం పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు లోకమంతా వాడుతున్న పద్ధతికి అదొక తొలి మెట్టు.

అమ్మాయి ఫోన్లో టపాకాయల శబ్దాలు ఎక్కించి తల్లికి ఇచ్చింది. ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ, తన చెవికే సరిగ్గా ఆననంత చిన్నగా పెట్టేది. శబ్దం వచ్చిన వెంటనే ఉడికించిన కోడి కార్జం ముక్క ఒకటి. శబ్దం ముందు, ముక్క తర్వాత. ఈ వరస తప్పితే పని చెడుతుంది. ముక్క ముందు చూపించి తర్వాత మోత పెడితే కుక్క ముక్కను చూసి కూడా భయపడడం నేర్చుకుంటుంది. చిట్టి చెవులు వెనక్కి వాల్చినా, ఊరికే ఆవలించినా, పెదాలు నాక్కున్నా ఆ రోజుకి ఆపేసేది. అవన్నీ కుక్క ఇక చాలని చెప్పే గుర్తులు. మనం వణుకు వచ్చేదాకా చూస్తాం, అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

వేసవి నాటికి చిట్టి ఫోన్లో పెద్ద మోత విన్నా తోక ఊపేది. ఇంట్లో అందరూ సంతోషించారు. అప్పుడే మే నెలలో ఒక పెళ్లి ఊరేగింపు డీజే పెట్టెలతో వీధిలోకి వచ్చింది. ఫోను స్పీకరులో ఆ గుండెలదిరే అడుగుమోత ఉండదు. నేలలోంచి, గోడలోంచి వచ్చే ఆ అదురు చిట్టి ఎన్నడూ సాధన చేయనిది. స్నానాల గదిలో దూరి, తలుపును గోళ్లతో గీకి, ఒక గోరు ఊడగొట్టుకుంది. నెలల కష్టం ఒక్క రాత్రిలో పోయిందని ఆ తల్లి ఏడ్చిందట.

ఊళ్లో పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఇంటాయన అడిగిన మొదటి మాట: "మత్తు మందు ఏదైనా రాయండి డాక్టరు గారూ, పండగ రోజున పడి నిద్రపోద్ది."

ఆయన ఒప్పుకోలేదు. అసిప్రోమజిన్ లాంటి పాత మత్తు మందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు గానీ చెవులు వింటూనే ఉంటాయనీ, భయం లోపల అలాగే ఉండి, పారిపోయే దారి కూడా లేకుండా పోతుందనీ వివరించారు. పైకి నెమ్మదిగా కనపడుతుంది కాబట్టి ఇంటివాళ్లు బాగుందనుకుంటారు. భయం మీదే పనిచేసే మందులు వేరే ఉన్నాయి. శబ్ద భయానికని డెక్స్‌మెడిటోమిడిన్ జెల్‌ను అమెరికా ఔషధ సంస్థ 2015లో అనుమతించింది. ఆయన చిట్టి బరువు చూసి తగిన బిళ్లలు రాశారు. పండగ రోజున మొదటిసారి వేయవద్దన్నారు. ముందే ఒక మామూలు సాయంత్రం వేసి ఎలా ఉందో చూసి చెప్పమన్నారు. మనుషుల మాత్రలు సగం విరిచి వేయడం మాత్రం ఎప్పుడూ వద్దన్నారు.

స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు స్టెఫానీ రీమర్ 2020లో ప్రచురించిన సర్వే ఈ విషయంలో నాకు చాలా నమ్మకం కలిగించింది. 1,225 మంది కుక్కల యజమానుల్ని ఆమె అడిగింది. డాక్టరు రాసిన మందులు వాడినవాళ్లతో పాటు, బయట మోత వచ్చిన ప్రతిసారీ తిండో ఆటో ఇచ్చినవాళ్లలోనూ నూటికి సుమారు డెబ్బై మంది మేలు కనపడిందన్నారు. ఒంటికి బిగుతుగా తొడిగే చొక్కాలు నూటికి నలభై నాలుగు మందికి పనికొచ్చాయి. సుగంధ తైలాలూ హోమియో మాత్రలూ అంతగా ఆదుకోలేదు. ఖర్చు లేని కార్జం ముక్క ఇంత పనిచేస్తుంటే సీసాల వెంట పరుగెత్తడం ఎందుకు?

2024 దీపావళి అక్టోబరు 31న వచ్చింది. చెంచుపేటలో ఉండకూడదని ముందే అనుకున్నారు. అమ్మమ్మగారిల్లు రేపల్లె దగ్గర పల్లెలో, చుట్టూ వరి పొలాలు. అక్కడా టపాకాయలు కాలుస్తారు గానీ తెనాలి అంత కాదు. అయితే భయపడే కుక్కకు కొత్త చోటే ఒక భయం. అందుకని జూలై నుంచే వీలైనప్పుడల్లా చిట్టిని ఆటోలో తీసుకెళ్లి, ఆ ఇంట్లో తిండి పెట్టి, నిద్రపోనిచ్చి తీసుకొచ్చేవాళ్లు. సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీరు దిగువకు వచ్చినప్పుడు ఆ రాకపోకలు ఆగాయి. కరకట్ట ఎక్కడ తెగుతుందోనని రేపల్లె వైపు ఊళ్లన్నీ కంటిమీద కునుకు లేకుండా ఉన్నాయి. నీళ్లు తీశాక మళ్లీ మొదలుపెట్టారు.

పండగ రోజు మధ్యాహ్నమే చిట్టిని దూరం నడిపించి, అలిసిపోనిచ్చి, చీకటి పడకముందే బయటి పనులన్నీ కానిచ్చారు. ఇంటి నడుమన ఉన్న సామాన్ల గది కిటికీకి గోనెలు కట్టారు. గోడ వారగా మినుముల బస్తాలు. ఫ్యాను పెద్దగా తిప్పి, పాత టేపులో నాదస్వరం పెట్టారు. నేల మీద నానమ్మ నేతచీర. డాక్టరు గారు చెప్పిన వేళకి బిళ్ల వేశారు. అమ్మాయి లోపల కూర్చుంది, తలుపు మూయలేదు. చిట్టి కావాలంటే బయటికి రావచ్చు, ఎవరూ బంధించలేదు. ఇది ముఖ్యం. దారి మూసుకుపోతే భయం రెట్టింపవుతుంది.

మొదటి లక్ష్మీ బాంబుకు చిట్టి లేచి నిలబడింది. తోక కాళ్ల మధ్యకి పోయింది. అమ్మాయి ముక్క ఇచ్చింది. తీసుకోలేదు. రెండో మోతకు ముక్క వాసన చూసింది. మూడోదానికి తీసుకుంది.

"తింటోందా?" అని నానమ్మ వసారాలోంచి కేకేసింది.

"తింటోంది నానమ్మా."

"తింటే పరవాలేదు. భయం గొంతు దాకా ఉంటే ముద్ద దిగదు."

ముసలమ్మ మాట నిజం. తిండి తీసుకుంటోందా లేదా అన్నదే ఇంట్లో అందరికీ అందుబాటులో ఉన్న కొలత. చిట్టికి పూర్తిగా నయమైందని నేను చెప్పను. ఆ రాత్రి కూడా ఒకటి రెండుసార్లు వణికింది. ఇప్పటికీ ఉరిమితే మంచం కిందికే పోతుంది. కానీ గోడలు దూకడం లేదు, తెల్లారేసరికి మామూలుగా ఉంటోంది. మెడపట్టీ మీద ఫోను నంబరు కూడా కుట్టించారు.

చిట్టి ఒక్కదాని సంగతి కాదిది. ఫిన్లాండులో 13,700 కుక్కల మీద 2020లో జరిపిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు కుక్కలకు శబ్ద భయం ఉందని తేలింది. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి నలభై అయిదు వేల దాకా వింటుంది. మనకు సరదాగా వినిపించే తారాజువ్వ కూత దానికెలా ఉంటుందో మనం ఊహించుకోలేం. ఇక చట్టం. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాకాయ తయారు చేయడమూ అమ్మడమూ 1999 నుంచే నిషిద్ధం. దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని, పొడవాటి వాలాలు అసలు వద్దని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో చెప్పింది. చిట్టి గోడ దూకింది ఆ ఏడు గంటల తర్వాతి వెయ్యి వాలాకే. వెలిగించినవాళ్లు చెడ్డవాళ్లు కారు, పిల్లల ముచ్చట తీర్చారు. కాకపోతే పక్కింటి పెరట్లో ఏముందో ఒక్కసారి చూసుకుంటే బాగుండేది. చిచ్చుబుడ్డీ మతాబులూ కాకరపువ్వొత్తులూ అంత మోత చేయవు.

ఇంటి కుక్కకు ఒక గది, ఒక చీర, ఒక మనిషి దొరుకుతారు. వీధి కుక్కకు? పండగ రాత్రి అది దుకాణాల మెట్ల కిందా, లారీల కిందా దూరుతుంది, రోడ్డుకి అడ్డంగా పరుగెత్తి చక్రాల కింద పడుతుంది. అందుకే నా మనవి రెండు మాటల్లో. మీ ఇంట్లో భయపడే కుక్క ఉంటే దీపావళి రాత్రి ఎనిమిది నుంచి పది దాకా మీలో ఒక్కరు దాని దగ్గర కూర్చోండి. తిట్టొద్దు, కట్టేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. వీధి కుక్క ఏదైనా వచ్చి మీ మెట్ల కింద తలదాచుకుంటే ఆ ఒక్క రాత్రికి తరమకండి, గేటు గడియ తీసి ఉంచండి.